రూట్ కెనాల్‌కి ఎంతవుతుంది? కుర్చీలో కూర్చునే ముందే లెక్క తేల్చుకోవడం ఎలా

మా ఇంట్లో ఎవరికి పన్ను సలిపినా ముందు నాకే ఫోన్ వస్తుంది. నేను పళ్ల డాక్టర్ని కాను. మూడు పళ్లకి నరం తీయించుకుని, అందులో ఒకటి నా పిసినారితనం వల్లే పోగొట్టుకుని, ఆ తర్వాత అమ్మ, మామయ్య, ఇద్దరు పిన్నులు, ఆఫీసులో సగం మంది బిల్లులు చూసినవాణ్ని, అంతే. అందరూ అడిగేది ఒకటే: "రూట్ కెనాల్‌కి ఎంతవుతుంది రా?"

ఒక్క అంకె చెప్పమంటే చెప్పలేను. క్లినిక్ వాళ్లు ఫోన్‌లో "నాలుగు వేలండి" అంటారు. అబద్ధం కాదు, కానీ అది నరం తీసి మూసే పనికి మాత్రమే. దాని ముందు ఎక్స్-రే, దాని మీద సిమెంటు, ఆ పైన పంటికి తొడిగే క్యాప్, మధ్యలో మందులు ఉంటాయి. చాలాసార్లు రూట్ కెనాల్ కంటే క్యాప్‌కే ఎక్కువవుతుంది. నాలుగు వేలనుకుని వెళ్లినవాళ్లు పది వేలు కట్టి "మోసం చేశారు" అంటారు. మోసం జరగలేదు, అడగాల్సినవి అడగలేదు. ఏమేం అడగాలో, ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో వరసగా చెప్తాను.

ముందు ఒక హెచ్చరిక. దవడ కింద గాని చెంప మీద గాని వాపు వచ్చి, దాంతోపాటు జ్వరం ఉన్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో కష్టంగా ఉన్నా ఇది చదవడం ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అర్ధరాత్రయినా సరే. పంటి చీము మెడలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది.

## దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు రోజూ వేసుకునే మందుల చీటీ. షుగర్, బీపీ, రక్తం పలుచబడే మందులు, గుండె ఆపరేషన్ సంగతి, ఏ మందు పడదో, గర్భిణులైతే ఎన్నో నెలో, అన్నీ చెప్పాలి. రక్తం పలుచబడే మందును మీ అంతట మీరు ఆపేయకండి.
- ఇదివరకు తీయించిన పంటి ఎక్స్-రేలు ఏమైనా ఉంటే అవి.
- హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ కాగితం, ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ కార్డు) లేదా ఈఎస్ఐ కార్డు, మీకు ఏది ఉంటే అది.
- రెండు మూడు పూటల ఖాళీ. ఒక్క సిట్టింగ్‌లో అయిపోయే కేసులూ ఉన్నాయి గాని, క్యాప్ కొలతకి, బిగించడానికి మళ్లీ వెళ్లక తప్పదు.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, ఈ పట్టీలో అన్నిటికన్నా డబ్బు మిగిల్చేది ఇదే.

## 1. అసలు రూట్ కెనాల్ అవసరమా, తేల్చుకోండి

పంటి లోపల మధ్యలో మెత్తని గుజ్జు ఉంటుంది, నరాలు, రక్తనాళాలు అందులోనే. పుచ్చు అక్కడిదాకా వెళ్లకపోతే మామూలు సిమెంటుతో సరిపోతుంది, వెయ్యీ రెండు వేలతో బయటపడతారు. అక్కడిదాకా వెళ్లి గుజ్జు పాడైతేనే రూట్ కెనాల్.

దీన్ని కంటితో చూసి చెప్పడం కుదరదు. ఆ పంటికి చిన్న ఎక్స్-రే తీయాలి. చాలా క్లినిక్‌ల్లో కంప్యూటర్ తెర మీదే కనిపించేలా తీస్తారు, ఆర్‌వీజీ అంటారు. తెర మీ వైపు తిప్పమని అడగండి. గట్టి పన్ను తెల్లగా, పుచ్చు నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు పంటి మధ్యనున్న గదిని తాకిందా, వేరు కొస దగ్గర గుండ్రంగా నల్లమచ్చ ఉందా, ఈ రెండూ వేలు పెట్టి చూపించమనండి. మంచి డాక్టర్లు అడక్కుండానే చూపిస్తారు.

ఇంకో పరీక్ష కూడా చేస్తారు. పంటికి చల్లటిది తాకిస్తారు. జివ్వుమని రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే లోపలి గుజ్జు ఇంకా బాగానే ఉన్నట్టు. అర నిమిషం దాటినా సలుపు ఆగకపోతే పాడైనట్టే. అసలేమీ తెలియకపోతే చచ్చిపోయి ఉండొచ్చు.

ఇక్కడే జనం చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. నొప్పికి మందుల షాపులో నాలుగు మాత్రలు కొనుక్కుంటారు, మూడు రోజుల్లో నొప్పి పోతుంది, "తగ్గిపోయిందిలే" అనుకుంటారు. తగ్గలేదు. లోపల నరం చచ్చిపోయి ఉంటుంది, అందుకే నొప్పి తెలియదు. కొన్నాళ్లకి వేరు కింద చీము పట్టి చిగురు మీద చిన్న గుల్ల లేస్తుంది. అప్పుడు వెళితే సిట్టింగ్‌లు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. యాంటీబయాటిక్ వాపును దించగలదు గాని పంటి లోపలి చెత్తను శుభ్రం చేయలేదు.

ఒక పంటి కోసం వెళ్తే "మీకు ఐదు పళ్లకి చేయాలి" అన్నారా? కంగారు పడకండి, వెంటనే ఒప్పుకోకండి. నొప్పి ఉన్నదానికి మొదలుపెట్టించుకుని, మిగతా నాలుగింటి ఎక్స్-రేలు వాట్సాప్‌లో పంపమని, వేరే డాక్టర్‌కి చూపించండి.

## 2. మీ పంటి నంబరు తెలుసుకోండి

ఇది ఎవరూ చెప్పరు, కానీ బిల్లు చదవడానికి తాళంచెవి ఇదే. డాక్టర్లు పంటిని రెండంకెలతో రాస్తారు. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది: మీ కుడి పైన 1, ఎడమ పైన 2, ఎడమ కింద 3, కుడి కింద 4. రెండో అంకె ముందు మధ్య పన్ను నుంచి వెనక్కి లెక్క. మధ్య పన్ను 1, కోరపన్ను 3, మొదటి పెద్ద దవడ పన్ను 6, జ్ఞానదంతం 8.

అంటే చీటీ మీద 46 అని ఉంటే కుడి కింద మొదటి దవడ పన్ను. ఆరేడేళ్ల వయసులో వస్తుంది కాబట్టి పాలపన్నే అనుకుని ఎవరూ పట్టించుకోరు, అందుకే తొందరగా పుచ్చేదీ ఇదే. నొప్పి 46లో ఉంటే చీటీ మీద 47 అని కనిపిస్తే ఇంజెక్షన్‌కి ముందే అడగండి. దవడ నొప్పి ఏ పంటిదో మనకే సరిగ్గా తెలియదు, పైపన్ను నొప్పి కిందిదానిలా అనిపిస్తుంది కూడా.

ధరకీ నంబరుకీ సంబంధం ఉంది. ముందు పళ్లకి సాధారణంగా వేరులో నరం ఉండే కాలువ ఒకటే. కోరపన్ను వెనకున్న చిన్న దవడ పళ్లకి ఒకటో రెండో. కింద పెద్ద దవడ పన్నుకి మూడు, ఒక్కోసారి నాలుగు. పైన మొదటి పెద్ద దవడ పన్నుకి నాలుగోది ఉండటం మామూలే, కానీ అది చాలా సన్నగా ఉంటుంది, వెతికి పట్టుకోవాలి. కాలువలు పెరిగేకొద్దీ పని పెరుగుతుంది. "మా ఆవిడ ముందు పంటికి రెండున్నర వేలు తీసుకున్నారు, నా దవడ పంటికి ఐదు వేలా?" అని గొడవపడటంలో అర్థం లేదు.

## 3. ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి

ఫోన్‌లో కాదు, నోటిమాటగా కాదు. ఎక్స్-రే చూశాక, మత్తు ఇంజెక్షన్‌కి ముందు. ఆ కాగితంలో ఈ కిందివన్నీ విడివిడిగా ఉండాలి. పక్కన రాసిన అంకెలు నేను మన జిల్లా కేంద్రాల్లో, హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల చూసిన బిల్లుల్లోవి. మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి.

- ఓపీ ఫీజు: 100 నుంచి 500
- ఒక్కో ఎక్స్-రే: 150 నుంచి 400. కనీసం రెండు మూడు తీస్తారు. చాలాచోట్ల రూట్ కెనాల్ ధరలోనే కలిపేస్తారు, అడగండి.
- రూట్ కెనాల్: ముందు పంటికి 2,500 నుంచి 4,000, దవడ పంటికి 3,500 నుంచి 7,000. నగరంలో స్పెషలిస్టు మైక్రోస్కోప్‌తో చేస్తే 8,000 నుంచి 12,000, ఆ పైనా.
- లోపల నింపే గట్టి సిమెంటు, కోర్ అంటారు: 500 నుంచి 1,500
- పన్ను చాలా మటుకు విరిగిపోయి ఉంటే లోపల పెట్టే చిన్న పుల్ల, పోస్ట్ అంటారు: 1,500 నుంచి 3,000. అందరికీ అక్కర్లేదు.
- క్యాప్: కింద విడిగా చెప్తాను.
- మందులు: 300 నుంచి 600

ఈ మధ్య మా పిన్ని చేతిలో ఒక చీటీ చూశాను. డాక్టర్ రాతలో "46, ఆర్‌సీటీ 4,000" అని మాత్రమే ఉంది, ఆర్‌సీటీ అంటే రూట్ కెనాలే. మేం కూర్చుని అడిగి పూర్తి చేయించాక ఇలా తేలింది: ఓపీ 200, రెండు ఎక్స్-రేలు 400, రూట్ కెనాల్ 4,000, కోర్ 800, సిరామిక్ క్యాప్ 4,000, మందులు 450. మొత్తం 9,850. డాక్టర్ గారేమీ దాచలేదు. మనం అడగలేదు, ఆయన చెప్పలేదు. పిన్ని మాత్రం కాసేపు నోరు తెరిచే కూర్చుంది, డాక్టర్ చెప్పకపోయినా.

కాగితం మీద ఇంకో మూడు ప్రశ్నలు రాసుకోండి:

ఎవరు చేస్తారు? బీడీఎస్ చదివిన డాక్టర్లు రూట్ కెనాల్ చేయొచ్చు, చాలామంది బాగా చేస్తారు. ఇందులోనే ఎండీఎస్ చేసినవాళ్లని ఎండోడాంటిస్ట్ అంటారు. చిన్న ఊళ్ల క్లినిక్‌లకి వీళ్లు వారంలో ఫలానా రోజుల్లో వచ్చి చేసి వెళ్తుంటారు. పన్ను వంకరగా ఉన్నా, ఇదివరకు చేసింది ఫెయిలయినా ఆ రోజే వెళ్లడం మేలు. చీటీ మీద డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. అది లేని "పళ్ల డాక్టర్" ఎంత చవకగా చెప్పినా లేచి వచ్చేయండి.

ఫెయిలైతే? మళ్లీ చేయాల్సి వస్తే డబ్బు తీసుకుంటారా, ఎన్నాళ్లలోపు అయితే తీసుకోరు? దీనికి రాతపూర్వకంగా జవాబు చెప్పేవాళ్లు తక్కువ, కానీ అడిగిన పేషెంట్‌ని గుర్తుపెట్టుకుంటారు.

రబ్బరు షీటు వేస్తారా? పంటి చుట్టూ పలచటి రబ్బరు తెర కట్టి చేస్తే ఉమ్ము లోపలికి పోదు, సన్నని సూది లాంటి ఫైల్ జారి గొంతులో పడదు. రబ్బరు డ్యామ్ అంటారు. వేసే క్లినిక్ కాస్త ఎక్కువ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

బోర్డు మీద "రూట్ కెనాల్ 999 మాత్రమే" అని చూసి వెళ్లేవాళ్లు పై పట్టీ మొత్తం చేత్తో పట్టుకుని వెళ్లండి, "ఇందులో ఏవేం కలిశాయి?" అని అడగండి. చాలు.

## 4. క్యాప్: ఇక్కడ మిగల్చాలనుకోకండి

నా కథ ఇక్కడే ఉంది. 36, ఎడమ కింద దవడ పన్ను. రూట్ కెనాల్ 3,500కి అయింది. క్యాప్ 4,000 అన్నారు. నొప్పి పోయింది కదా, నరమే లేదు కదా, ఇంకా క్యాప్ ఎందుకు అనుకున్నాను. డాక్టర్ రెండుసార్లు ఫోన్ చేయించారు కూడా. తొమ్మిదో నెలలో పండక్కి అమ్మ చేసిన జంతిక కొరికాను. టప్పుమంది. జంతికే అనుకున్నాను. పన్ను నిలువునా వేరు దాకా చీలిపోయింది, ఇంక చేసేదేమీ లేదు. పీకడానికి 800. అటూ ఇటూ మంచి పళ్లు రెండు అరగదీసి మూడు పళ్ల బ్రిడ్జి కట్టడానికి 12,000. నాలుగు వేలు మిగిల్చుకోబోయి 12,800 పెట్టాను, ముందు పెట్టిన 3,500 గంగలో కలిసింది.

రూట్ కెనాల్‌కి పంటి నడినెత్తి మీద పెద్ద రంధ్రం చేస్తారు, పుచ్చు తీసేశాక మిగిలేది సన్నటి గోడలే. నమిలే బరువంతా పడే దవడ పంటికి క్యాప్ తప్పనిసరి. ముందు పంటికి రంధ్రం చిన్నదై మిగతా పన్ను గట్టిగా ఉంటే మంచి సిమెంటుతో వదిలేసే సందర్భాలున్నాయి, అది డాక్టర్ చెప్పాలి.

క్యాపుల్లో మూడు రకాలు వినిపిస్తాయి. మెటల్ క్యాప్, 1,500 నుంచి 2,500, వెండి రంగులో ఉంటుంది, గట్టిది, చూపుకే బాగుండదు. సిరామిక్ అని చెప్పేది చాలామటుకు లోపల లోహం, పైన పంటి రంగు పూత, 3,000 నుంచి 6,000. కొన్నేళ్లకి చిగురు దగ్గర నల్లగీత కనిపించొచ్చు, పూత పెచ్చు లేవొచ్చు. జిర్కోనియాలో లోహం ఉండదు, 7,000 నుంచి 15,000 దాకా.

నన్నడిగితే, నవ్వితే కనపడని చివరి దవడ పంటికి మెటల్ క్యాప్ పెట్టించుకోవడంలో సిగ్గేమీ లేదు. డబ్బు తక్కువగా ఉంటే "క్యాప్ వద్దు" అనకండి, "మెటల్ వేయండి" అనండి. అమ్మకి అదే వేయించాం.

జిర్కోనియా తీసుకుంటే వారంటీ కార్డు ఇస్తారు, ఐదేళ్లనీ పదేళ్లనీ ఉంటుంది. ఆ వారంటీ క్యాప్ విరిగితేనే. లోపలి రూట్ కెనాల్‌కి ఆ కార్డుతో సంబంధం లేదు. కార్డు మీద మీ పేరు, పంటి నంబరు ఉన్నాయో చూసుకుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

"పీకించేస్తే ఐదారు వందలతో పోతుంది కదా?" అని అడిగేవాళ్లకి ఒక మాట. పోతుంది. జ్ఞానదంతమైతే నిజంగానే పీకించడమే మేలు చాలాసార్లు. వేరే దవడ పన్ను పీకితే ఖాళీలోకి పక్క పళ్లు వాలతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. తర్వాత బ్రిడ్జో, ఇంప్లాంటో (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) అంటారు. ఇంప్లాంట్ పాతిక వేల పైమాటే.

## 5. డబ్బు చాలకపోతే ఎక్కడికి వెళ్లాలి

క్లినిక్ మారే ముందు పని మధ్యలో ఉందో లేదో చూసుకోండి. సగంలో వదిలేసిన పన్ను కొత్త డాక్టర్‌కి తలనొప్పి, మీకు ఖర్చు.

ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి పక్కన ఒకటి, విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి ఉన్నాయి. రూట్ కెనాల్ నామమాత్రపు ఖర్చుతో అవుతుంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి, ఆధార్ వెంట ఉంచుకోండి. పట్టేది టైమ్. రద్దీ ఎక్కువ, నాలుగైదు సార్లు తిరగాల్సి రావొచ్చు. క్యాప్ అక్కడ దొరుకుతుందా, బయట వేయించుకోవాలా అన్నది మొదటి రోజే అడగండి.

ప్రైవేటు డెంటల్ కాలేజీలు. భీమవరం, గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, నార్కెట్‌పల్లి, విశాఖ, హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్, ఇలా చాలాచోట్ల ఉన్నాయి. పీజీ విద్యార్థులు చేస్తారు, ప్రొఫెసర్ వచ్చి ప్రతి మెట్టులోనూ చూస్తారు. బయట క్లినిక్ కంటే బాగా తక్కువ. "విద్యార్థులతోనా?" అని భయపడతారు. నా మూడో పన్నుకి ఒక పీజీ అమ్మాయే చేసింది. రెండు గంటలు పట్టింది, బయట ముప్పావు గంటలో ముగించేది. పైన చెప్పిన ఆ సన్నటి నాలుగో కాలువని ఆమే కనిపెట్టింది.

## 6. ఇన్సూరెన్స్, కార్డులు, ఇన్‌కమ్ ట్యాక్స్

మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఆస్పత్రిలో చేరితేనే పని చేస్తుంది. రూట్ కెనాల్‌కి చేరేదేమీ ఉండదు. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యం వర్తించదని చాలా పాలసీల్లో రాసే ఉంటుంది. కాబట్టి క్యాష్‌లెస్ అవుతుందన్న ఆశతో వెళ్లకండి.

అయితే పాలసీలో "ఓపీడీ" (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) అన్న మాట వెతకండి. కొన్ని పాలసీల్లో, కంపెనీలు ఉద్యోగులకిచ్చే ప్లాన్లలో ఓపీ ఖర్చుకి ఏటా కొంత ఇస్తారు, అందులో పళ్లూ ఉండొచ్చు. ఆఫీసు హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెడితే పోయేదేముంది. క్లెయిమ్‌కి పంటి నంబరుతో విడివిడిగా రాసిన బిల్లు, డాక్టర్ చీటీ, ముందూ వెనకా ఎక్స్-రేలు, డబ్బు కట్టిన రుజువు అడుగుతారు. "డెంటల్ ట్రీట్‌మెంట్ 10,000" అని ఒక్క వరసలో ఉన్న బిల్లు తిప్పి పంపుతారు.

ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు ఈహెచ్ఎస్ కింద పళ్ల వైద్యానికి ఏ ఆస్పత్రి ఉందో పని మొదలయ్యేముందే అడగాలి. తర్వాత బిల్లు పట్టుకెళితే "ముందు ఎందుకు రాలేదు?" అంటారు. ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లు మీ డిస్పెన్సరీ నుంచి మొదలుపెట్టండి. రైల్వే వాళ్లకి రైల్వే ఆస్పత్రి ఉంది.

అమ్మానాన్నలు 60 దాటి, వాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే, మీరు ఇన్‌కమ్ ట్యాక్స్ పాత విధానంలో ఉంటే, వాళ్ల వైద్య ఖర్చు ఏడాదికి 50,000 దాకా మినహాయింపుగా చూపించుకోవచ్చు. 80డి అని మనం పిలుచుకునేది ఇదే. నగదుగా కడితే కుదరదు, యూపీఐ, కార్డు, చెక్కు ఏదైనా పర్వాలేదు.

బిల్లులో జీఎస్టీ కలిపారా? రూట్ కెనాల్ అంటే వైద్యమే, వైద్య సేవ మీద జీఎస్టీ లేదు. ఎందుకు వేశారో మర్యాదగా అడగండి.

## 7. కట్టే పద్ధతి

మొత్తం ముందే కట్టేయకండి. ఇలా అడిగితే చాలా క్లినిక్‌లు ఒప్పుకుంటాయి: మొదటి సిట్టింగ్‌లో రూట్ కెనాల్ డబ్బులో సగం, కాలువలు నింపిన రోజు మిగతా సగం, కొలత తీసుకున్న రోజు క్యాప్‌కి సగం, బిగించిన రోజు చివరి సగం. ప్రతిసారీ రసీదు. "ఆఫర్ ఈరోజే" అని మూడు పళ్ల ప్యాకేజీకి మొత్తం కట్టించుకునే చోట నాకైతే నమ్మకం కుదరదు.

బేరం ఆడొచ్చా? ఆడొచ్చు, కానీ రూట్ కెనాల్ మీద కాదు. ఎక్స్-రేలు కలిపేయమనండి, రెండో పంటికి కొంచెం తగ్గించమనండి. ఐదు వందలు తగ్గించమని పట్టుబడితే పనిలో ఎక్కడో అది తగ్గుతుందని నా అనుమానం.

ఈఎంఐ సంగతి. "వడ్డీ లేదు" అంటారు. ఒకటే ప్రశ్న అడగండి: "ఇప్పుడే మొత్తం ఇస్తే ఎంత?" 18,000 బిల్లుని నెలకి 3,000 చొప్పున ఆరు నెలలు కట్టమని, ఒకేసారి ఇస్తే 16,500 అన్నారనుకోండి, ఆ 1,500 వడ్డీయే. దానికి తోడు ఫైనాన్స్ వాళ్ల ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి చూసుకుని, ఇంట్లోవాళ్ల దగ్గర చేబదులు దొరుకుతుందేమో ఆలోచించండి.

## 8. పని సరిగ్గా అయిందా, చెక్ చేసుకోండి

మత్తు దిగేదాకా ఏమీ తినకండి, పెదవి కొరుక్కున్నా తెలియదు. రెండు నుంచి నాలుగు రోజులు కొరికినప్పుడు కొద్దిగా నొప్పి మామూలే. రోజురోజుకీ పెరుగుతుంటే, వాపు వస్తే మామూలు కాదు, ఫోన్ చేయండి.

నింపాక తీసిన ఎక్స్-రే. ఇది తప్పకుండా అడిగి తీసుకోండి. ప్రతి వేరులోనూ పై నుంచి కిందిదాకా తెల్లటి గీత కనిపించాలి. అది వేరు కొసకి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు ఆగాలి. సగంలోనే ఆగిపోయినా, కొస దాటి బయటికి పొడుచుకొచ్చినా, ఒక వేరు ఖాళీగా కనిపించినా కారణం అడగండి. నిజమైన కారణాలు ఉంటాయి, కొన్ని కాలువలు మూసుకుపోయి ఉంటాయి. కానీ అది మీకు చెప్పాలి.

తాత్కాలిక సిమెంటు. మధ్యలో పెట్టే తెల్లటి సిమెంటు కొన్ని వారాల కోసమే. నొప్పి లేదని మూడు నెలలు తిరిగితే అది కారి, ఉమ్ము లోపలికి దిగి, చేసిందంతా మళ్లీ మొదటికొస్తుంది.

క్యాప్ బిగించే ముందు. గట్టి సిమెంటు పెట్టకముందు ఉత్తినే పెట్టి చూపిస్తారు. తొందరపడి "బాగుందండి" అనకండి. అద్దం పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో రంగు చూడండి. నీలం కాగితం మధ్యలో పెట్టి కొరకమంటారు, ఆ క్యాప్ మిగతావాటికన్నా ముందే తగులుతుంటే చెప్పండి. ఆ కాస్త ఎత్తే నెలరోజుల దవడ నొప్పి. మొహమాటపడి ఊరుకున్న మామయ్య నాలుగుసార్లు తిరిగాడు.

ఇంటికొచ్చాక. పళ్ల మధ్య దారం వేసి చూడండి, చిరిగినా, ప్రతి ముద్దా అక్కడే ఇరుక్కున్నా అంచు సరిగ్గా కూర్చోలేదు.

ఆరు నెలలకి, ఏడాదికి ఒక్కో ఎక్స్-రే తీయించుకోండి, రెండు మూడు వందల పని. మొదట్లో వేరు కొస దగ్గర నల్లమచ్చ ఉండి ఉంటే అది తగ్గిందో లేదో పాతదాని పక్కన పెడితే మీకే కనిపిస్తుంది.

## విదేశాల నుంచి వచ్చి చేయించుకునేవాళ్లకి

అమెరికాలో దవడ పంటికి రూట్ కెనాల్, క్యాప్ కలిపి రెండు వేల డాలర్లు దాటడం మామూలే కాబట్టి చాలామంది సెలవుల్లో ఇక్కడే చేయించుకుంటారు. మంచిదే, కానీ చివరి వారానికి పెట్టుకోకండి. రూట్ కెనాల్‌కి రెండు సిట్టింగ్‌లు, ల్యాబ్ నుంచి క్యాప్ రావడానికి నాలుగు నుంచి ఏడు రోజులు, సరిచేయడానికి రెండు మూడు రోజులు. దిగిన మొదటి వారంలోనే వెళ్లండి. బిల్లు ఇంగ్లీషులో, తేదీలతో, పంటి నంబరుతో రాయించుకోండి, ఎక్స్-రే ఫైళ్లు మెయిల్‌లో తెప్పించుకోండి. అక్కడికి వెళ్లాక ఆ పంటికి ఏదైనా అయితే కొత్త డాక్టర్ మొదట అడిగేది అవే.